మతిమరుపు మొదలైన పెద్దలకు కంప్యూటరు మీద మెదడు సాధన: కర్నూలు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులోనూ, అప్పుడప్పుడు ఆదోని, నంద్యాల, గుత్తి వైపు నుంచి వచ్చిన కుటుంబాలూ మమ్మల్ని అడిగే ప్రశ్నలు ఇవి. మతిమరుపు మొదలైన పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని టాబ్లెట్ మీద సాధన చేయించడమే మా పని కాబట్టి, దీని మీద మాకు ఇష్టం ఉంది. అయితే ఆ ఇష్టం కొద్దీ లేని ఫలితాలను ఉన్నట్టు చెప్పడం, ఆశతో వచ్చిన ఇంటివారికి అన్యాయం చేసినట్టే అవుతుందని కూడా గట్టిగా నమ్ముతున్నాము.

కంప్యూటరు మెదడు సాధన అంటే ఏమిటి? ఫోనులో ఆటలు ఆడుకోవడమేనా?

చూడడానికి ఆటల్లాగే ఉంటాయి. తెర మీద కొన్ని బొమ్మలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతాయి, వచ్చిన వరుసలోనే వాటిని వేలితో తాకి చూపించాలి. మరొక అభ్యాసంలో తెర మధ్యలో ఒక వస్తువు మెరిసి మాయమవుతుంది, అదే సమయంలో అంచున ఇంకొకటి కనిపిస్తుంది. మధ్యలో వచ్చినది ఏదో, అంచున వచ్చినది ఎక్కడో రెండూ చెప్పాలి. ఇంకొకదానిలో పలు రకాల కూరగాయల నడుమ వంకాయలు మాత్రమే ఏరాలి. ఈ విధంగా ఒక్కొక్క అభ్యాసం జ్ఞాపకాన్నో, ఏకాగ్రతనో, చూసినదాన్ని వెంటనే పోల్చుకునే వేగాన్నో, ఒక పనిని ముందువెనుకలు ఆలోచించి చేసే నేర్పునో గురిగా పెట్టుకుని తయారవుతుంది.

కాలక్షేపం ఆటకూ దీనికీ ముఖ్యమైన తేడా కష్టాన్ని సర్దుబాటు చేయడంలో ఉంది. మనిషి వరుసగా సరిగ్గా చేస్తుంటే అభ్యాసం తనంతట తానే కొంచెం కఠినమవుతుంది, తప్పులు ఎక్కువైతే మళ్ళీ సులువవుతుంది. అందువల్ల ఆ పెద్దాయన సామర్థ్యానికి సరిగ్గా అంచున, మరీ తేలిక కాకుండా, మరీ భారం కాకుండా పని సాగుతుంది. కాగితం మీద ఈ సర్దుబాటు చేయడం కష్టం, కంప్యూటరుకు సులభం.

వయసుతో వచ్చే మరుపుకూ, జబ్బుకూ తేడా ఎలా తెలుస్తుంది? ఈ సాధన ఎవరికి?

కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మరచిపోయి కాసేపటికి వెతికి పట్టుకోవడం, పెళ్ళిలో కలిసిన బంధువు పేరు వెంటనే నోటికి రాక ఇంటికి చేరాక గుర్తుకు రావడం వయసు మరుపు. దానికంటే ఒక మెట్టు పైన ఉండే స్థితిని డాక్టర్లు మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అంటారు, చీటీలో ఎంసీఐ అని రాస్తారు. ఈ స్థితిలో జ్ఞాపకమో, మాటో, లెక్కో తగ్గినట్టు మనిషికీ ఇంటివారికీ తెలుస్తూ ఉంటుంది, పరీక్షలోనూ తగ్గుదల కనిపిస్తుంది, కాని స్నానం, వంట, డబ్బు, మందుల వంటి రోజువారీ పనులు చాలావరకు సొంతంగానే జరిగిపోతుంటాయి. ఆ పనులకు కూడా మరొకరి సాయం తప్పనిసరి అయినప్పుడు దాన్ని డిమెన్షియా అంటారు. అల్జీమర్స్ అనేది డిమెన్షియాకు దారితీసే జబ్బులలో ఎక్కువగా కనిపించేది.

ఎంసీఐ అని రాసిన ప్రతివారికీ డిమెన్షియా వస్తుందని భయపడనక్కరలేదు. అమెరికా నాడీ వైద్యుల సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 65 ఏళ్ళు దాటి ఎంసీఐ ఉన్నవారిలో రెండేళ్ళలో డిమెన్షియాలోకి వెళ్ళినవారు సుమారు 15 శాతం. కొందరు ఉన్నచోటే ఏళ్ళతరబడి ఉంటారు, కొందరు మామూలు స్థితికి తిరిగి వస్తారు. కంప్యూటరు సాధన గురించి పరిశోధనలు కొంత ఆశ చూపించేది ఈ ఎంసీఐ వారి విషయంలోనే.

ముందు డాక్టరుకు చూపించాలా? నేరుగా సాధన మొదలుపెట్టకూడదా?

మొదలుపెట్టకూడదు. ఈ ఒక్క విషయంలో మేము ఎవరికీ మినహాయింపు ఇవ్వము, ఎందుకంటే మందుతో తగ్గే మతిమరుపును పట్టించుకోకుండా ఆటలతో కాలం గడిపితే జరిగే నష్టం పెద్దది. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ లోపించినా, మనసులో దిగులు పేరుకుపోయినా మనిషి మతిమరుపు వచ్చినట్టే కనిపిస్తాడు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళతరబడి వేసుకుంటున్నవారిలోనూ, మాంసం, గుడ్లు, పాలు బాగా తక్కువగా తీసుకునేవారిలోనూ బి12 లోపం మామూలే. నిద్ర మాత్రలు, కొన్ని రకాల అలర్జీ మందులు, మూత్రం ఆపుకోలేని ఇబ్బందికి ఇచ్చే కొన్ని మందులు పెద్దల బుద్ధిని మందగింపజేస్తాయి. తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాల తరువాత మెదడు పైన నెమ్మదిగా రక్తం చేరి మాట తడబడడం, నడక తూలడం, మరుపు రావడం కూడా జరుగుతుంది. అది స్కానింగులో బయటపడుతుంది, ఆపరేషనుతో నయమవుతుంది. బాత్రూములో జారిపడిన సంగతిని పిల్లలు కంగారుపడతారని దాచిపెట్టే పెద్దలు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. పోయిన మూడు నెలల్లో ఎక్కడైనా పడ్డారా అని మెల్లగా అడిగి తెలుసుకోండి.

చెవి సంగతి కూడా చూపించండి. వినపడక జవాబు చెప్పని మనిషిని మరచిపోయాడని అనుకోవడం మేము తరచుగా చూసే పొరపాటు.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి హఠాత్తుగా మారిపోయి, ఉన్నచోటు తెలియక, పగలు నిద్రపోతూ రాత్రి అరుస్తుంటే అది ఈ మతిమరుపు కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఒంట్లో ఉప్పు తగ్గడమో, మే నెల ఎండకు నీరు ఇంకిపోవడమో కావచ్చు. మూతి వంకర పోయినా, ఒక చేయి పట్టు తప్పినా పక్షవాతం. అటువంటప్పుడు 108కి ఫోను చేయండి.

సాధన చేస్తే మతిమరుపు తగ్గుతుందా? జబ్బు ముదరకుండా ఆగుతుందా?

అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది, అడిగేటప్పుడు గొంతు మారిపోయేది ఈ ప్రశ్నకే. కాబట్టి వివరంగా చెబుతాము.

సాధన చేసిన పనిలో మనిషి మెరుగవుతాడనడంలో సందేహం లేదు. దానికి దగ్గరి పనుల్లోనూ కొంత మెరుగుదల కనిపించవచ్చు. అక్కడి నుంచి దూరంగా ఉన్న రోజువారీ జీవితానికి, అంటే గ్యాసు కట్టేయడం గుర్తుండడానికి, బ్యాంకులో సంతకం సరిగ్గా పెట్టడానికి, ఆ మెరుగుదల ఎంతవరకు పాకుతుందనేదే అసలు చిక్కు. శెనక్కాయలు ఒలవడంలో చేయి తిరిగినంత మాత్రాన సేద్యం లెక్కలు రావు కదా, ఇదీ అటువంటిదే.

2014లో ప్రచురితమైన ఒక సమీక్షలో, జబ్బు లేని పెద్దల మీద జరిగిన 52 అధ్యయనాలను, మొత్తం 4,885 మందిని, కలిపి చూశారు. లాభం ఉంది, కాని చిన్నది అని తేలింది. ఎంసీఐ వారి మీద జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన 2017 నాటి మరొక సమీక్షలో, సాధన ముగిసిన సమయానికి జ్ఞాపకశక్తిలోనూ, ఏకాగ్రతలోనూ ఒక మోస్తరు లాభం కనిపించింది. అయితే డిమెన్షియా రాకుండా ఆపుతుందా అనే ప్రశ్నకు, వైద్య ప్రయోగాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2019లో జవాబు వెతికినప్పుడు, తగినంత కాలం నడిచిన ప్రయోగాలు 8 మాత్రమే దొరికాయి, వాటన్నిటిలో కలిపి ఉన్నది 660 మంది. ఆ ఆధారం బలహీనమైనదనీ, ఆపుతుందనీ ఆపదనీ దానితో తేల్చలేమనీ వారు రాశారు. అదే సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎంసీఐ ఉన్న పెద్దలకు మెదడు సాధనను ఇవ్వవచ్చునని సిఫారసు చేస్తూనే, దానికి ఆధారం తక్కువ స్థాయిదని పక్కనే చెప్పింది.

అమెరికాలో 65 ఏళ్ళు దాటిన 2,800 మందికి పైగా పాల్గొన్న యాక్టివ్ అనే ప్రయోగాన్ని సాధన వైపు మాట్లాడేవారు తరచుగా ఉదహరిస్తారు. అందులో ఐదారు వారాల వ్యవధిలో పది తరగతులు నడిపి, కొందరికి తరువాత మరికొన్ని తరగతులు ఇచ్చి, పదేళ్ళ దాకా గమనించారు. ఆలోచనా నైపుణ్యంలోనూ, చూసినదాన్ని పోల్చుకునే వేగంలోనూ వచ్చిన లాభం పదేళ్ళ తరువాత కూడా కొంత నిలిచింది. జ్ఞాపకశక్తి తరగతుల లాభం మాత్రం నిలవలేదు. అది గొప్ప ప్రయోగమే, కాని అందులో చేరినవారు డిమెన్షియా లేనివారని మరువరాదు.

ఇవన్నీ చదివిన మీదట మా అభిప్రాయం ఇది. ఎంసీఐ దశలో, పక్కన మనిషి ఉండి, వారి జీవితానికి పనికివచ్చే ఒక లక్ష్యం పెట్టుకుని చేస్తే, చేయదగిన పనే. మందుకు బదులుగా కాని, జబ్బును ఆపుతుందనే నమ్మకంతో కాని చేయదగినది కాదు.

ఫలానా యాప్ వాడితే అల్జీమర్స్ రాదని ప్రకటన చూశాము. నమ్మవచ్చా?

నమ్మవద్దు. లుమోసిటీ అనే ప్రసిద్ధ మెదడు ఆటల కంపెనీ, తన ఆటలు వయసుతో వచ్చే మతిమరుపును ఆపుతాయన్నట్టుగా ప్రకటనలు ఇచ్చినందుకు, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంటే 2016 జనవరిలో 20 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. ఆ ప్రకటనలకు తగిన శాస్త్రీయ ఆధారం లేదన్నది కమిషన్ ఆరోపణ. ఏడాదికి ఇంత అని ముందుగానే కట్టించుకుని, గ్యారంటీ అనే మాట వాడేవారు ఎవరైనా సరే, వారికి దూరంగా ఉండండి. ఆ డబ్బుతో బి12, థైరాయిడ్ పరీక్షలూ, చెవి పరీక్షా, కొత్త కళ్ళద్దాలూ వస్తాయి.

డిమెన్షియా అని ఇప్పటికే తేలిపోయింది. ఇప్పుడు మొదలుపెట్టి ప్రయోజనం ఉందా?

తొలి దశ నుంచి మధ్య దశ వరకు ఉన్నవారి మీద జరిగిన 33 ప్రయోగాలను, సుమారు 2,000 మందిని, కాక్రేన్ సమీక్ష 2019లో పరిశీలించింది. కంప్యూటరు మీద చేసినవీ, కాగితం మీద చేసినవీ కలిసి ఉన్న ఆ ప్రయోగాల్లో, ఏ సాధనా లేనివారితో పోలిస్తే మొత్తం గ్రహణశక్తిలో చిన్నదో ఒక మోస్తరుదో అయిన లాభం కనిపించింది, కొన్ని నెలలు నిలిచే అవకాశమూ కనిపించింది. అయినా బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2018 మార్గదర్శకాల్లో, తొలి, మధ్య దశల అల్జీమర్స్‌కు చికిత్సగా మెదడు సాధనను ఇవ్వవద్దని చెప్పి, దానికి బదులు గుంపుగా కూర్చుని చేసే ఉత్తేజ తరగతులను సిఫారసు చేసింది.

ఆ పద్ధతిలో వారానికి రెండుసార్లు చొప్పున ఏడు వారాల్లో 14 తరగతులు ఉంటాయి. ఐదారుగురు పెద్దలు కూర్చుని పాట, పాత వస్తువులు, తిండి, ఊరి సంగతులు, డబ్బు వాడకం వంటి విషయాల మీద మాట్లాడుకుంటారు. తప్పు ఒప్పుల లెక్క ఉండదు. చెన్నైలో దీన్ని తమిళంలోకి మార్చి నడిపించారు. ఈ దశలో మేము టాబ్లెట్‌ను సాధనకు కాకుండా కబుర్లకు వాడమంటాము. అలంపురం గుడి ఫోటో, కొండారెడ్డి బురుజు పాత ఫోటో, తమ పెళ్ళి ఫోటో తెర మీద పెద్దదిగా కనిపిస్తే, పొద్దుటి నుంచి నోరు విప్పనివారు కూడా మాట్లాడతారు.

మా అమ్మకు చదువు రాదు. ఆమె చేయగలదా?

చేయగలదు, అయితే ఆమెకు తగినట్టు మార్చి ఇవ్వాలి. ఈ ప్రశ్న మన ప్రాంతానికి చాలా ముఖ్యమైనది. దేశవ్యాప్తంగా జరిగిన ల్యాసీ-డ్యాడ్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం, 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవారికంటే ఆడవారిలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. అంటే సాయం ఎక్కువగా కావలసినది బడి ముఖం చూడని మన అవ్వలకే. కాని మార్కెట్‌లో ఉన్న మెదడు సాధనలు ఎక్కువగా ఇంగ్లీషు చదివినవారిని మనసులో పెట్టుకుని తయారైనవి.

కర్నూలు సి.క్యాంపు రైతుబజారులో ఆకుకూరలు అమ్మిన ఒక అవ్వను మా దగ్గరికి తీసుకువచ్చారు. ఎక్కడో గడియారం బొమ్మ గీయమన్నారట, ఆమె గీయలేకపోయింది, మార్కులు తక్కువ వచ్చాయి. పెన్సిలు పట్టని చేతికి గడియారం ఎలా వస్తుంది? మేము తెర మీద తోటకూర, పాలకూర, చుక్కకూర కట్టల ఫోటోలూ, పది ఇరవై రూపాయల నోట్ల ఫోటోలూ పెట్టి, ఇన్ని కట్టలకు ఎంత, యాభై ఇస్తే చిల్లర ఎంత అని నోటితో అడిగాము. లెక్క ఎక్కడా తప్పలేదు. కాసేపటి క్రితం చూసిన కట్టలు ఏవని అడిగినప్పుడు మాత్రమే తడబడింది. ఆమెకు సాయం కావలసిన చోటు అదేనని అప్పుడు స్పష్టమైంది.

పరీక్ష కూడా తెలుగులో, చదువుకు తగినట్టు జరగాలని అడిగే హక్కు మీకు ఉంది. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన పరీక్షల సంపుటి తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితం కూడా చెప్పదగినది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు ఒక్క భాషవారికంటే సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి, చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. ఉర్దూ, తెలుగు రెండూ ఆడే కర్నూలు పాతబస్తీ ఇళ్ళలో, కన్నడం కలిసిన ఆదోని, రాయదుర్గం ఇళ్ళలో పెద్దలను ఏదో ఒక భాషకే పరిమితం చేయకండి. సాధనలో కూడా వారికి నోటికి వచ్చిన భాషలోనే జవాబు చెప్పనివ్వండి.

ఫోను చాలా, టాబ్లెట్ కొనాలా? ఎలా సిద్ధం చేయాలి?

ఫోను తెర చిన్నది. పది అంగుళాల టాబ్లెట్ బాగుంటుంది, ఇంట్లో మనవరాలి చదువుకు కొన్నది ఉంటే అదే చాలు. దాన్ని చేతికివ్వకుండా బల్ల మీద కొంచెం వాలుగా నిలబెట్టండి, వెనుక నుంచి కిటికీ వెలుతురు తెర మీద పడకుండా చూడండి. పెద్దల వేలి కొస ఎండిపోయి ఉండడం వల్ల తెర కొన్నిసార్లు తాకిడిని పట్టుకోదు, దాంతో వారు గట్టిగా నొక్కి పట్టుకుంటారు, అప్పుడు ఏదో వేరే పెట్టె తెరుచుకుంటుంది, వారు బెదిరిపోతారు. తడిగుడ్డతో వేలు తుడిపిస్తే సగం ఇబ్బంది పోతుంది. టాబ్లెట్‌కు వాడే మెత్తని కొస ఉన్న పెన్ను ఇంకా మంచిది.

నోటిఫికేషన్లు ఆపేయండి, ప్రకటనలు వచ్చే ఉచిత ఆటలు తీసేయండి. ఆ పరికరంలో ఫోన్‌పే, గూగుల్‌పే, బ్యాంకు యాప్ ఏదీ ఉండకూడదు, ఓటీపీ వచ్చే సిమ్ కూడా వేయకూడదు. మతిమరుపు ఉన్న మనిషి మోసగాళ్ళకు సులువుగా చిక్కుతాడు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయాలి.

వారానికి ఎన్నిసార్లు, ఎంతసేపు?

వారానికి రెండు లేదా మూడుసార్లు, ఒక్కోసారి అరగంట నుంచి ముప్పావుగంట, మధ్యలో ఒక విరామం. పైన చెప్పిన 2014 సమీక్షలో, అరగంటకంటే తక్కువ చేసిన తరగతులకూ, వారంలో మూడుసార్లకంటే ఎక్కువ చేసినవాటికీ ఫలితం కనిపించలేదు. ఎక్కువ చేస్తే ఎక్కువ మేలనుకుని రోజూ కూర్చోబెట్టే కొడుకులకు మేము ఈ మాటే చెబుతాము. మన ఎండలకు మార్చి నుంచి జూన్ దాకా పొద్దున టిఫిను తరువాత, పది గంటలలోపు ముగించడం మంచిది. కనీసం ఎనిమిది నుంచి పన్నెండు వారాలు చేసి చూడండి.

టాబ్లెట్ ఇచ్చి వదిలేస్తే వారే చేసుకుంటారు కదా?

అదే సమీక్షలో, ఇంట్లో ఒంటరిగా చేసినవారికి లాభం కనిపించలేదు, ఒక చోట గుంపుగా, నేర్పేవారి ఎదుట చేసినవారికి కనిపించింది. మా అనుభవం కూడా దీన్నే బలపరుస్తుంది. ఒంటరిగా వదిలితే రెండో వారానికి టాబ్లెట్ బీరువాలోకి వెళ్ళిపోతుంది.

పక్కన ఎలా కూర్చోవాలనేది కూడా నేర్చుకోవలసిన విషయమే. ఒక పిల్లవాడు వాళ్ళ జేజి పక్కన కూర్చుని, ఆమె వేలు తెర దగ్గరకు వెళ్ళే లోపలే, "అట్ల కాదు జేజీ, నిన్న చెప్తి కదా, ఇది నొక్కాల," అంటూ తానే నొక్కేసేవాడు. ప్రేమతోనే చేశాడు. కాని జేజి నాలుగోసారికి వేలు ఎత్తడమే మానేసి, వాడి ముఖం చూస్తూ కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, మనసులో పది దాకా లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతే "దీన్ని యాడ చూస్తిమి జేజీ?" అని మాత్రమే అడగమని వాడికి చెప్పాము. ఆమె తెర పైమూలకు చూసి, "ఆడ" అంది. జవాబు సరైనదే. ఆ పది లెక్కపెట్టే వ్యవధిలో జరిగేదే సాధన, దాన్ని మనం లాక్కోకూడదు.

స్కోరు పెరగడం లేదు, పైగా తగ్గుతోంది. ఏమి చేయాలి?

మొదటి రెండు వారాల్లో పెరిగే స్కోరులో చాలా భాగం ఆట తీరు అలవాటు కావడం వల్ల వచ్చేది, దానికి సంతోషపడనక్కరలేదు. ఆ తరువాత నిలిచిపోతే కంగారుపడనూ అక్కరలేదు. స్కోరును పక్కనపెట్టి, ఇంట్లో ఒక పనిని ఎంచుకుని గమనించండి. పొద్దుటి బీపీ మాత్ర అడగకుండానే వేసుకున్నారా, ఫోను చేసింది ఎవరో సాయంత్రం చెప్పగలిగారా, పాలవాడికి డబ్బు ఇచ్చిన సంగతి గుర్తుందా, ఇలా ఒక్కటే చాలు. తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాయండి. డాక్టరుకు పనికివచ్చేది ఆ పుస్తకమే. మూడు నెలల్లో ఆ పని కూడా స్పష్టంగా దిగజారితే, సాధన మార్చడం కాదు, మళ్ళీ చూపించుకోవడం అవసరం.

సాధన చేసేటప్పుడు కోపం తెచ్చుకుంటున్నారు, ఏడుస్తున్నారు. బలవంతంగానైనా చేయించాలా?

వద్దు. అక్కడితో ఆపి, కాఫీయో మజ్జిగో ఇచ్చి, మరో మాట మాట్లాడండి. రెండో రోజూ అలాగే ఉంటే అభ్యాసం రెండు మెట్లు కిందికి దించండి. వారం దాటినా మారకపోతే మానేయండి. తాను లేకపోతే ఇల్లు నడవదన్నట్టు బతికిన మనిషికి, పిల్లల ఎదుట పదేపదే తప్పు చేయడం అవమానంగా ఉంటుంది. మనవళ్ళ ఎదుట స్కోరు చదవకండి. ఈ సాధనకు మందులాంటి దుష్ఫలితాలు లేవంటారు కాని, మా దృష్టిలో ఈ అవమానమే దాని దుష్ఫలితం.

పదకేళి, పులిజూదం, భజన చాలవా? కంప్యూటరే కావాలా?

కంప్యూటరే కావాలని లేదు. ఎంసీఐ ఉన్న 107 మందితో అమెరికాలో 78 వారాలు జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. కంప్యూటరు మీదే కొందరికి మెదడు సాధన ఆటలూ, మరికొందరికి పదకేళీ ఇచ్చారు. జ్ఞాపకశక్తి, గ్రహణశక్తి పరీక్షలో పదకేళి చేసినవారే మెరుగ్గా ఉన్నారు. ఏమీ చేయనివారి గుంపు అందులో లేదు కాబట్టి పదకేళి జబ్బును తగ్గిస్తుందని దాని నుంచి అనుకోకూడదు. ఖరీదైన ఆటలే గొప్పవని అనుకోనక్కరలేదని మాత్రం చెప్పవచ్చు.

పత్రికలో పదకేళి నింపే అలవాటు ఉన్న పెద్దాయనను అదే చేయనివ్వండి. పులిజూదంలో పులిని కట్టేయడానికి నాలుగు ఎత్తులు ముందు చూడాలి, బారాకట్టలో గవ్వలు లెక్కపెట్టి కాయ జరపాలి, రెండిటిలోనూ ఎదురుగా మనిషి ఉంటాడు. ఎదుటి మనిషి ఉండడం చిన్న విషయం కాదు. భజనలో చరణాలు వరుస తప్పకుండా పాడేవారిని దాని నుంచి తప్పించి తెర ముందు కూర్చోబెట్టడం మాకు ఇష్టం లేదు.

సాధనతో పాటు ఇంకేమి చూసుకోవాలి?

ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ళ మధ్య ఉన్న 1,260 మందితో రెండేళ్ళు జరిగిన ఫింగర్ ప్రయోగం 2015లో చూపించినది, ఆహారం, వ్యాయామం, మెదడు సాధన, బీపీ షుగరుల అదుపు అన్నీ కలిపి చేస్తే గ్రహణశక్తి మెరుగ్గా నిలుస్తుందని. వారు డిమెన్షియా ముప్పు ఉన్నవారే కాని జబ్బు వచ్చినవారు కారు. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో, డిమెన్షియాకు దారితీసేవాటిలో మార్చుకోదగిన ముప్పులు 14 అని లెక్కించింది. వినికిడి లోపం, చూపు లోపం, బీపీ, షుగరు, పొగ, ఒంటరితనం వాటిలో ఉన్నాయి. శుక్లాల ఆపరేషను వాయిదా వేస్తూ టాబ్లెట్ కొనడంలో అర్థం లేదు.

కర్నూలు, అనంతపురం, కడపలో ఎక్కడ చూపించాలి? ఏమేమి తీసుకువెళ్ళాలి?

కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో నాడీ వైద్య విభాగం ఉంది. అనంతపురం సర్వజన వైద్యశాలలోనూ, కడప రిమ్స్‌లోనూ మొదట జనరల్ మెడిసిన్ ఓపీలో కాని, మానసిక వైద్య విభాగంలో కాని చూపించవచ్చు. విషయం తేలకపోతే హైదరాబాద్ నిమ్స్‌కు కాని, అనంతపురం వైపువారికి దగ్గరగా ఉండే బెంగళూరు నిమ్హాన్స్‌కు కాని రాయమని అడగండి. పెద్దల సమస్యలకు 14567, మనసుకు సంబంధించిన సలహాకు టెలిమానస్ 14416 నంబర్లు ఉన్నాయి. చూసుకునేవారికి దిగులు కమ్మినప్పుడు కూడా 14416కు ఫోను చేయవచ్చు, రోగికి మాత్రమే అనుకోకండి.

వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నిటినీ, నాటు మందులతో సహా, ఒక సంచిలో వేసుకువెళ్ళండి. పాత చీటీలు, ఆధార్ కార్డు, కళ్ళజోడు, చెవి మిషను ఉంటే అదీ తీసుకువెళ్ళాలి. మరుపు ఎప్పుడు మొదలైందో, మొదట తెలిసిన సంఘటన ఏమిటో ఒక కాగితం మీద రాసుకోండి. రోజూ వారితో ఉండే మనిషే తోడు రావాలి. హైదరాబాద్ నుంచి ఆ రోజుకు వచ్చిన కొడుకుకు రాత్రి నిద్ర సంగతి, భోజనం సంగతి తెలియవు. రోగి ఎదుట చెప్పలేని మాటలు ఉంటే ఆ కాగితం మీదే రాసి డాక్టరు చేతికి ఇవ్వండి. పరగడుపున రమ్మని ముందుగా చెప్పి ఉంటే తప్ప, వారికి టిఫిను పెట్టి, బీపీ మాత్ర వేసి బయలుదేరండి, ఓపీ వరుసలో చాలాసేపు కూర్చోవలసి వస్తుంది.